జేబులో సంబరం

మదారయ్య చెయ్యి దురుసు. నోరూ దురుసే గానీ, నోటిమాట గాల్లో కలిసిపోతుంది, చెయ్యి అలా పోదు కదా. ఈ సంగతి అతనికి తెలియక కాదు. కోపిష్టి మనిషి, కోపంలో కళ్లు మూసుకుపోయేవి పాపం అని ఎవరైనా వెనకేసుకొస్తే నేను మాత్రం ఒప్పుకోను. ఫోర్‌మన్ ముందు ఆ కళ్లు ఏనాడూ మూసుకుపోలేదు. రైల్వే పోలీసు ముందు మూసుకుపోలేదు. తనకన్నా జానెడు పొడుగున్న మనిషి ఎవడి ముందూ ఆ చెయ్యి లేవలేదు. ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, భార్య బీబమ్మ ఎదురుగా నిలబడ్డాకే లేచేది.

అతనిది చీపురుపల్లి దగ్గర పల్లె. వాళ్లు దూదేకులవాళ్లు, ఇంటా బయటా తెలుగే మాట్లాడే ముసల్మానులు. పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కడం తెలుసు గానీ నమాజు ఎలా చెయ్యాలో ఆ పల్లెలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. ఆ దూదిపని ఆడంగిపనిలా తోచి, మదారయ్య రైలెక్కి బెంగాల్లోని ఖరగ్‌పూర్ వచ్చేశాడు. అప్పటికి రైల్వే పేరు మారుతోంది గానీ అక్కడి మన తెలుగువాళ్లందరూ బెంగాల్ నాగపూర్ రైల్వేని ఇంకా బీఎన్నార్ అనే అనేవారు. మనిషి దుక్కలా ఉన్నాడని వర్క్‌షాపులో కమ్మరి పనిలోకి తీసుకున్నారు. ఎర్రగా కాల్చిన ఇనుమును మేస్త్రీ పట్టకారుతో దాగలి మీద పెడితే, సమ్మెట ఎత్తి కొట్టడం అతని పని. కొట్టడమే ఉద్యోగం. దానికి మెచ్చుకోలు కూడాను.

పూరీ గేటనే రైల్వే గేటు అవతల రేకుల ఇల్లు. బీబమ్మ నోట్లో నాలుక లేని మనిషి. పిల్లల్లేరు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకనాడు, నీళ్లు చల్లారిపోయాయని ఒకనాడు, ఏ కారణమూ దొరక్కపోతే ఎందుకలా చూస్తున్నావని ఒకనాడు దెబ్బలు తింటూ అలాగే కాపరం చేసింది. పక్కింటి దాలమ్మ గోడవతల నుంచి, "ఏటి మావా, మనిసనుకున్నావా, ఇనపకమ్మీ అనుకున్నావా?" అని అరిచేది. ఆ పూటకి ఆగేది.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది వానాకాలం. నాలుగు రోజులుగా ముసురు. ఉతికిన చొక్కా ఆరలేదు. వర్క్‌షాపు సైరన్ మోగే వేళయింది. తడిచొక్కా చేతికిచ్చిందని మదారయ్య లాగి కొట్టాడు. గూబ పగులుద్ది అని మనం ఎవర్ని పడితే వాళ్లని అంటూనే ఉంటాం, అదొక ఊతపదం. బీబమ్మకి నిజంగానే పగిలింది. ఎడమ చెవిలోంచి సన్నగా రక్తం వచ్చి, ఆ చెవి ఆనాటితో వినబడకుండా పోయింది. ఆసుపత్రిలో డాక్టరు ఎలా తగిలిందని అడిగితే, గడప తట్టుకుని పడ్డానని చెప్పింది. ఆ మాట చెప్పి ఇంటికొచ్చి, తన రేకుపెట్టె సర్దుకుని, ఊళ్లోనే ఇందా అనే పేటలో పరుపుల దుకాణం పెట్టుకున్న అన్న కాశిమయ్యకి కబురు పంపింది.

వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో అంత పొడుగు మాట అతను ఆమె నోట వినలేదు.

"నీ సెయ్యి నీ మాటినే రోజొస్తే సెప్పు మావా, ఒస్తాను. అందాకా రాను."

మొదటి వారం మదారయ్యకి కోపమే వచ్చింది. పోతే పో, నీ అంతటి నువ్వే వస్తావు అనుకున్నాడు. రెండో వారం అన్నం మాడ్చుకు తిన్నాడు. ఆ తర్వాత ఆదివారం తలకి నూనె రాసుకుని, గాజులు కొని, ఇందా బయలుదేరాడు. కాశిమయ్య దుకాణంలో విల్లు కట్టి దూది ఏకుతున్నాడు. చలికాలానికి ముందే బెంగాలీలు లేపులు కుట్టించుకుంటారు, రజాయిల్లాంటివి. ఆ పని మీదున్నాడు. వెనక దూదికుప్పల మధ్య కూర్చుని బీబమ్మ సూది గుచ్చుతోంది. జుట్టు మీద, కనురెప్పల మీద దూది.

"నాను మారిపోనాను బావా, పంపించీ," అన్నాడు మదారయ్య.

కాశిమయ్య విల్లు దించకుండానే అన్నాడు. "మా సెల్లికింకో సెవి మిగిలున్నాది. దానికోసమొచ్చినావేటి?"

ఇంకేముంది, మదారయ్య చెయ్యి కాశిమయ్య కాలర్ మీదుంది. ఎప్పుడు వెళ్లిందో అతనికే తెలియదు. బీబమ్మ లేచి, లోపలికి వెళ్లి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. గట్టిగా వేసినా బావుండేది. మదారయ్య గాజుల పొట్లం అక్కడే వదిలేసి, దారి పొడుగునా తన కుడిచేతిని చూసుకుంటూ ఇంటికి నడిచాడు. అది తనది కాదేమో, ఎవరో తెచ్చి తగిలించారేమో అనిపించింది. ఆ రోజు మొదటిసారి అతనికి భయం వేసింది.

భయం వేసిన మనిషి తాయెత్తు కోసం వెతుక్కుంటాడు. వాళ్ల ఊళ్లో దేనికైనా తాయెత్తే. మార్కెట్టు వెనక ఒక చిన్న మసీదుంది. అక్కడి ఇనాయత్ ముల్లా బీహారు నుంచి వచ్చిన ముసలాయన. మదారయ్య ఆయన ముందు కూర్చుని, కుడిచెయ్యి చాపి, "ఇస్కో బాంధో," అన్నాడు. దీన్ని కట్టెయ్యండి అని.

ముల్లా ఆ చేతిని చూశాడు, మనిషిని చూశాడు, కథంతా విన్నాడు. తాయెత్తు లేదన్నాడు. ప్రవక్త ఏం చెప్పారో చెబుతాను, అది చెయ్యి అన్నాడు. "గుస్సా ఆయే, ఖడే హో తో బైఠ్ జావ్. ఫిర్ భీ న జాయే తో లేట్ జావ్. వజూ కరో. సబర్ కరో." ఆ తర్వాత, కొంచెమైనా సరే రోజూ చెయ్యాలి, ఒకనాడు కొండంత చేసి మర్నాడు మానేస్తే లాభం లేదు అని కూడా చెప్పాడు.

కోపం వస్తే, నిలబడి ఉంటే కూర్చో. అప్పటికీ పోకపోతే పడుకో. నీళ్లతో కాళ్లూ చేతులూ మొహం కడుక్కో, కోపం నిప్పుతో పుట్టింది కాబట్టి. ఇంతవరకూ మదారయ్యకి బాగానే బోధపడింది. సబర్, అంటే ఓర్పు, ఆ మాట దగ్గరే చిక్కొచ్చింది. అతని హిందీ కమ్మరి పనిలో నేర్చుకున్న హిందీ. మారో, ఉఠావ్, జల్దీ కరో, అంతే. ఓర్పుకి అందులో మాట లేదు. ముల్లాకి పళ్లు కూడా సరిగ్గా లేవాయె. సబర్ కరో అన్నది మదారయ్య చెవికి సంబర్ కరో అని వినబడింది. సంబరం చేసుకో.

నవ్వకండి. అడగటానికి సిగ్గుపడ్డాడు. మసీదులో తక్కినవాళ్లు అప్పటికే అతన్ని తెలుంగీ అని వేరుగా చూస్తున్నారు, మాట కూడా తెలియదంటే ఇంకా అలుసైపోతాడు. ఇంటికొచ్చి ఆలోచించాడు. కొట్టకుండా కూర్చున్నాక సంబరం చేసుకోమన్నారు. సంబరమంటే అతనికి తెలిసింది ఊళ్లో అమ్మవారి సంబరమే. డప్పులు మోగేవి, జనం మూగేవారు, ఎవరి పిల్లాడని అడక్కుండా ప్రతి పిల్లాడి చేతిలో ఇంత బెల్లంముక్క పెట్టేవారు. తనకీ పెట్టేవారు. డప్పులు ఇప్పుడెక్కడ తెస్తాడు? బెల్లం కొని, చిన్న ముక్కలుగా కొట్టి, గుడ్డలో మూటకట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

మర్నాడే పనికొచ్చింది. మేస్త్రీ తవిటయ్యకి నోటి తుత్తర. ఇనుము ఎర్రగా దాగలి మీదుంది, దెబ్బ పక్కకి పడింది, తవిటయ్య అతని తల్లిని తిట్టాడు. మదారయ్య సమ్మెట కింద పెట్టాడు. బొగ్గు మసిలో, అందరి మధ్యా, చతికిలబడ్డాడు.

తవిటయ్య పట్టకారు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇనుము ఎరుపు తగ్గి నల్లబడింది.

"ఏటయ్యిందిరా?"

"కూకున్నాను."

"కూకున్నావని అగుపడతన్నాది. ఎందుకని?"

"కోపమొచ్చింది."

మదారయ్య కాసేపు అలాగే ఉండి, మూట విప్పి, బెల్లంముక్క నోట్లో వేసుకుని లేచాడు. ఇదేమిటని అడిగినవాళ్లకి సంబరం అని చెప్పాడు. ఇంకేం, షాపు షాపంతా పగలబడి నవ్వింది. ఆ సాయంత్రానికి అతని పేరు సంబరం అయిపోయింది. సంబరం ఒస్తన్నాడు, సంబరం ఎల్తన్నాడు. పనిలేని కొందరు కావాలని తిట్టి, అతను కూర్చుంటే చూడ్డానికి పనిగట్టుకుని వచ్చేవారు. అతను కూర్చునేవాడు. తవిటయ్య ఇనుము మళ్లీ కొలిమిలో పెట్టి విసుక్కునేవాడు గానీ, ఎందుకో మరి, ఫోర్‌మన్‌కి మాత్రం చెప్పలేదు. తల్లిని తిట్టడం కూడా తగ్గించాడు. ఇనుము చల్లారుతుందని కాబోలు.

అంతా సవ్యంగా సాగిందనుకోకండి. టీ దుకాణంలో ఒకనాడు గ్లాసు కడగలేదని అక్కడి ముసలాయన్ని తోసేశాడు. కూర్చోవాలని గుర్తొచ్చేసరికి ఆయన కింద పడున్నాడు. లేవదీసి, దుమ్ము దులిపి, ఆ రోజు బెల్లం ముట్టుకోలేదు. సిగ్గుతో రాత్రి అన్నమూ ముట్టుకోలేదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచి.

సైరన్‌కి లేచే మనిషి, ఇప్పుడు సైరన్‌కన్నా ముందే లేవడం మొదలుపెట్టాడు. జనవరిలో పూరీ గేటు దగ్గర కుళాయి నీళ్లు ఎముకలు కొరుకుతాయి. ఆ నీళ్లతో మోచేతుల దాకా కడుక్కుని, చీకట్లో మసీదుకి నడిచేవాడు. మొదట్లో దుప్పటి వదిలి లేవలేక ఏడుపొచ్చేది. ఒంటి మీదున్న ఇంత బలమూ ఆ దుప్పటి ముందు ఎందుకూ పనికొచ్చేది కాదు. ఖురాను సూరాలు చెవితో విని పట్టుకున్నాడు. తప్పులొస్తే ముల్లా మళ్లీ చెప్పేవాడు. వరసలో ఎప్పుడూ చివర నిలబడేవాడు. నమాజయ్యాక తక్కినవాళ్లు ఉర్దూలో కబుర్లు చెప్పుకుంటుంటే చెప్పులు వెతుక్కుని వచ్చేసేవాడు. ఇటు మనవాళ్లేమో, మదారయ్య సాయిబైపోనాడు అని అమ్మవారి పండక్కి పిలవడం మానేశారు. పిలిస్తే ఏమనుకుంటాడోనని వాళ్ల మొహమాటం. పిలవలేదని ఇతనికి బాధ. అటూ ఇటూ కాక ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలిపోయాడు.

రంజాన్ నెలలో మరీ కష్టం. బీడీ లేదు, నీళ్లు లేవు, కొలిమి వేడి. అసలే కోపం ఇంతెత్తున లేస్తుందా, కూర్చున్నాక బెల్లం తినడానికి లేదు. అందుకని కూర్చున్నప్పుడల్లా ఒక ముక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చుకునేవాడు. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు అందరూ ఖర్జూరం తింటే, ఇతను ఓ మూల కుడి జేబు బోర్లించి బెల్లం తినేవాడు. పక్కనెవరూ ఉండేవారు కాదు కాబట్టి నవ్వేవారూ లేరు.

కానీ అసలు బెంగ వేరే ఉంది. షాపులో కూర్చోవడం ఏం గొప్ప? అక్కడ అతను ఎన్నడూ చెయ్యెత్తినవాడు కాదు. చెయ్యి లేచేది ఇంట్లో, తనకన్నా నెమ్మదైన మనిషి మీద. ఇప్పుడు ఇంట్లో మనిషే లేదు. చల్లారిన నీళ్లు తనే పెట్టుకున్నవి, మాడిన అన్నం తనే మాడ్చుకున్నది. ఎవరి మీద కోప్పడతాడు? ఎవరి మీద కోప్పడకుండా ఉంటాడు? రాత్రి కంచం ముందు కూర్చుంటే ఎదురుగా గోడ. నా చెయ్యి నా మాట వింటోందని బీబమ్మకి ఏ మొహం పెట్టుకుని చెబుతాను, నాకే తెలియంది అనుకునేవాడు. అందుకే ఏళ్లు గడుస్తున్నా కబురు పంపలేదు. ఆదివారాలు మాత్రం ఇందా వెళ్లి, కాశిమయ్య దుకాణానికి దూరంగా రోడ్డవతల కాసేపు నిలబడేవాడు. దూది ఏకే విల్లు చప్పుడు వినబడేది. విని తిరిగొచ్చేసేవాడు.

అలాంటి ఒక ఆదివారమే, దుర్గాపూజల రద్దీలో, బక్కపల్చటి రిక్షా మనిషొకడు చక్రం అతని పాదం మీంచి పోనిచ్చి, పైగా ఎదురు తిట్టాడు. ఊదితే పడిపోయేలా ఉన్నాడు. తనకన్నా చిన్నవాడు. మదారయ్య ఒళ్లు భగ్గుమంది. ఇన్నాళ్లూ కనబడకుండా దాక్కున్న ఆ పాత చెయ్యే మళ్లీ లేచింది. లేస్తున్నప్పుడే చూసుకున్నాడు. వెంటనే రోడ్డు మీద కూర్చుండిపోయాడు. తగ్గలేదు. రిక్షా మనిషి ఇంకా తిడుతున్నాడు. ఇక చేసేది లేక ఇందా బజారు నడిబొడ్డున వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

జనం మూగారు. "మొద్ ఖేయేఛే," అన్నారెవరో. తాగేశాడని. ఆ మూగినవాళ్లలో కాశిమయ్య ఉన్నాడు. చూశాడు, ఉమ్మేశాడు, ఇంటికెళ్లి చెల్లెలికి చెప్పాడు.

ఈ సంగతి మదారయ్యకి దాలమ్మ వల్ల తెలిసింది. పాత పరుపు ఏకించడానికని కాశిమయ్య దుకాణంలో ఇచ్చి వచ్చిన దాలమ్మ, నేరుగా ఇతని గుమ్మంలోకే వచ్చింది.

"తాగుడు కూడా నేర్సినావా? నీ పెళ్లాం సెప్పమన్నాది. ఇన్నాళ్లూ ఆసతో ఉన్నాదట, ఇంక నేదట."

"తాగనేదు దాలమ్మా. పడుకున్నాను."

"నడిరోడ్డు మీదా?"

"కూకుంటే తగ్గనేదు."

దాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. గోడకి అటువైపు నుంచి ఇన్నేళ్లూ అతని ఇంట్లో అరుపు లేకపోవడం ఆమె వింటూనే ఉంది. తన ఇంటికి వెళ్లిపోయింది.

మదారయ్యకి మాత్రం దుఃఖం ఆగలేదు. ముల్లా దగ్గరికి పరిగెత్తాడు. వచ్చిన హిందీలో వెళ్లగక్కాడు. మీరు చెప్పినట్టే కూర్చున్నాను, పడుకున్నాను, సంబరం చేసుకున్నాను, ఉన్న ఒక్క ఆశా పోయింది అన్నాడు. ముల్లా, సంబరం ఏమిటన్నాడు. మదారయ్య మూట తీసి చూపించాడు.

అప్పుడు తేలింది. సబర్ అంటే ఓర్చుకోవడం బాబూ, బెల్లం తినడం కాదు అని ముల్లా చెబుతుంటే మదారయ్యకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు. షాపంతా నవ్వింది అందుకా. చేసిందంతా పిల్లాటగా తోచి, మూట తీసి పక్కన పడేయబోయాడు. ముసలాయన అరచెయ్యి చాపాడు. మదారయ్యకి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక ముక్క ఆ చేతిలో పెట్టాడు. ముల్లా దాన్ని పళ్లు లేని నోట్లో వేసుకుని, కరిగేదాకా చప్పరించాడు. "కల్ భీ లానా," అన్నాడు చివరికి. రేపూ తీసుకురా అని.

దాలమ్మ ఏకించిన పరుపు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, బీబమ్మకి కుడిపక్కన కూర్చుని, ఆ మంచి చెవిలో అంతా చెప్పిందట. తాగుడు కాదే, కోపమొస్తే కూకుంటన్నాడు, నెగిసినాక బెల్లం తింటన్నాడు, పిచ్చోడు అని. బీబమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చుందట.

కానీ ఆ పుష్యమాసంలో ఒక ఆదివారం పొద్దు వాలే వేళ, మదారయ్య గుమ్మంలో నీడ పడింది. చూస్తే బీబమ్మ. కొంచెం చిక్కింది. తల ఒక పక్కకి వంచి, కుడి చెవి ముందుకి పెట్టి మాట్లాడటం అలవాటైంది ఆమెకి. లోపలికి రాలేదు, గడప మీద కూర్చుంది. మదారయ్య ఏం చెయ్యాలో తోచక గది మధ్యలో నిలబడ్డాడు. అన్నం తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. అన్న బావున్నాడా అన్నాడు. బావున్నాడంది.

"ఇంకా ఒస్తాదా కోపం?" అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "ఒస్తాది," అన్నాడు. "రోజూ ఒస్తాది."

"మాననేదా మరి?"

"కోపం మాననేదు. కొట్టడం మానినాను." ఆగి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "అదీ బయటోళ్ల మీద. ఇంటికాడెలా ఉంటాదో నాకు తెల్దు బీబమ్మా. సూసుకునీదానికి మనిసి నేదు కదా."

ఆ మాటకి బీబమ్మ లేచి లోపలికొచ్చింది. గది చుట్టూ చూసింది. తన పాత చీర దండెం మీద మడత పెట్టి ఉంది. గోడవార నిలబడి దాని అంచు ముట్టుకుంది. గదిలో చీకటి పడుతోంది. ఆమె మొహం కనబడటం లేదని, మదారయ్య గోడమేకుకి వేలాడుతున్న లాంతరు కోసం చెయ్యెత్తాడు. మేకు ఆమె తలకి ఎడమపక్కనుంది.

బీబమ్మ మోచెయ్యి ఎగిరొచ్చి ఎడమ చెవిని కప్పేసింది. తల భుజాల్లోకి కుంగిపోయింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. ఊపిరి కూడా బిగబట్టింది.

మదారయ్య చెయ్యి గాల్లోనే ఆగింది. నెమ్మదిగా దించాడు. కోపం లేదు, ఏమీ లేదు, అయినా అక్కడే నేలమీద చతికిలబడ్డాడు.

కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. తన చెయ్యి తనే దించుకుంది. సిగ్గుపడింది.

"నాను బయపడనేదు మావా. నువ్వు కొట్టవని తెలుసు. సెయ్యి దానంతటదే నెగిసిపోనాది."

"తెలుసు," అన్నాడు మదారయ్య. "నా సెయ్యీ అలాగే నెగిసీది."

పూర్తిగా చీకటి పడకముందే బీబమ్మ ఇందా వెళ్లిపోయింది. మదారయ్య లాంతరు వెలిగించుకుని, వజూ చేసి, నమాజుకి నిలబడ్డాడు. నిలబడ్డాడన్న మాటే గానీ ఆ మోచెయ్యే కళ్లముందు. తన అలవాటుని ఏళ్ల తరబడి కూర్చుని, పడుకుని, చన్నీళ్లు పోసుకుని లొంగదీశాడు. ఆమెకి ఆ అలవాటు నేర్పిందెవరు? రోజూ, కొంచెం కొంచెంగా, ఒక్కనాడూ మానకుండా, ఎంత శ్రద్ధగా నేర్పాడని. తనది మాన్పుకోవడానికి తనకో ముల్లా దొరికాడు. ఆమెది ఎవరు మాన్పుతారు? అల్లాని ఆ రాత్రి తనకోసం ఏమీ అడగలేకపోయాడు.

ఇక రాదనుకున్నాడు. తర్వాతి ఆదివారం వచ్చింది. పొద్దు వాలే నమాజు వేళకి గదిలోనే ఉంది. మదారయ్య చాప పరిచి, అల్లాహు అక్బర్ అంటూ రెండు చేతులూ చెవుల దాకా ఎత్తాడు. వెనక గాజులు గలగలమన్నాయి. తిరిగి చూడనక్కర్లేదు, మోచెయ్యి ఎక్కడికి వెళ్లిందో తెలుసు. దేవుడి ముందు ఎత్తిన చెయ్యి కూడా ఆమెకి ఆ చెయ్యే. నమాజు ముగించేసరికి అతని గడ్డం తడిసిపోయింది.

ఆనాటి నుంచి మదారయ్య కొత్త అలవాటు మొదలుపెట్టాడు. ఏ పనికైనా చెయ్యెత్తే ముందు ఆమె కుడిపక్కకి వెళ్లి చెప్పేవాడు. "లాంతరు తీస్తన్నాను." "తువ్వాలందుకుంటన్నాను." "నమాజుకి నిలబడతన్నాను, సేతులెత్తుతాను." వినేవాళ్లకి నవ్వొస్తుంది. గోడవతల దాలమ్మ మాత్రం నవ్వలేదు. చెప్పినా బీబమ్మ మోచెయ్యి లేచేది. లేచినప్పుడల్లా బీబమ్మ మొహం చిన్నబుచ్చుకునేది, ఇందాకి తిరుగుముఖం పట్టేది. మదారయ్య ఉండమనలేదు. గుమ్మం దాకా వచ్చి, రిక్షా కనబడకుండా పోయేదాకా నిలబడి, లోపలికెళ్లి ఒక కంచం కడుక్కునేవాడు. వారమంతా ఇల్లు మళ్లీ ఒక్కడిదే.

అలా చలికాలం పోయింది, వడగాలులు పోయాయి, వానలు పట్టుకున్నాయి. మళ్లీ ముసురు. ఆ ఆదివారం రాదనే అనుకున్నాడు. తడిసి ముద్దై వచ్చింది. తల తుడుచుకుని గోడవార కూర్చుంది. గదిలో చీకట్లు కమ్ముకున్నాయి.

మదారయ్య వెళ్లి ఆమె కుడిపక్కన వంగి, "లాంతరు తీస్తన్నాను," అన్నాడు. చెయ్యెత్తాడు.

బీబమ్మ మోచెయ్యి కదిలింది. పైకి లేచింది. గడ్డం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఆమె పళ్లు బిగబట్టి దాన్ని చూస్తోంది, ఎవరి చెయ్యో అన్నట్టు. నుదుట చెమట పట్టింది. అతను లాంతరు మేకు నుంచి తీయలేదు, చెయ్యి దించలేదు, అలాగే ఉండిపోయాడు. ఆ మోచెయ్యి అంగుళం అంగుళం చొప్పున కిందికి దిగి, ఒళ్లో వాలింది.

బయట వాన. బీబమ్మ గట్టిగా ఊపిరి వదిలి, ఆ చెయ్యినే అతని ముందుకి చాపింది.

"బెల్లం ఎట్టు మావా."

"జేబులో సెయ్యెడతన్నాను," అని ముందు చెప్పి, మదారయ్య జేబులో చెయ్యి పెట్టాడు.